గడపకు ఇవతల

జూన్ 16, 1957. ఆదివారం

ఇవాళ గోడకు ఆనుకోకుండా కూర్చున్నాను. అంత మాత్రానికే చెమటలు పట్టాయి. అయినా రాయాలనిపించింది. పడుకొని పడుకొని ఈ కొట్టం కప్పులో ఏ వాసం ఎక్కడ వంగిందో కూడా తెలిసిపోయింది.

జ్వరం ఎప్పుడు మొదలైందో సరిగా గుర్తు లేదు. లంకా దహనం నేర్పుతున్న సాయంత్రం గుర్తుంది. ఆటగాళ్లంతా గుండ్రంగా నిలబడి చేతుల్లోని చెక్క చిరుతలు కొడుతున్నారు, నేను మధ్యలో నిలబడి పాట ఎత్తుకున్నాను, సగంలో దమ్ము ఆగిపోయింది. ఎవరో ఛాతీ మీద రోలు పెట్టినట్టయింది. ఆ తర్వాత బండి కుదుపులు, మద్దెల కొట్టే రజాక్ నా తలను ఒడిలో పెట్టుకోవడం, ధర్మపురి డాక్టరు నా వీపు మీద వేళ్లతో తట్టి వినడం. పట్నాల్లో తిరుగుతున్న కొత్త ఫ్లూ జ్వరం ఇదేనట. నా ఊపిరితిత్తుల్లోకి దిగిందట. సూదులు వేశాడు. మూడు వారాలు పాడొద్దన్నాడు. గుంపులో కూర్చోవద్దు, దగ్గేటప్పుడు మూతికి బట్ట అడ్డం పెట్టుకోవాలి, నా చెంబూ కంచమూ వేరుగా ఉంచి మరిగే నీళ్లలో వేయాలి.

"మీకు తగ్గిందని మీరనుకుంటారు. మీ దగ్గు మాత్రం ఇంకొకరి ఇంటికి పోతుంది" అన్నాడు.

పాడొద్దట! ఊరూరా తిరిగి చిరుతల రామాయణం నేర్పేవాడికి ఇదేం పథ్యం? చేపను ఒడ్డున పడుకోమన్నట్టుంది.

ఈ కొట్టం బుచ్చవ్వది. ఉగాదికి నేను ముంజంపల్లె వచ్చినప్పటి నుంచి ఆమె చేతి బువ్వే. మగడు పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు దేవవ్వ, గోదావరి అవతలి ఊళ్లో కాపురం. జ్వరమున్నన్ని రోజులూ నన్ను లేపి గంజి తాగించింది, నా బట్టలు ఉతికింది. చెంబు వేరుగా పెట్టవ్వా అంటే ఇవాళ నవ్వింది.

"గీ వయసుల నాకు అంటు ముట్టు నేర్పుతున్నవా కొడుకా? నువ్వు తాగిన చెంబుల నేను తాగితె నీ సొమ్మేం పోతది?"

అంటూనే నా చెంబెత్తి తాగింది. నేను వద్దన్నాను. అన్నాననే అనుకుంటాను.

జూన్ 17

గొంతు బాగానే ఉంది. మెల్లగా రావణుడి దరువు ఎత్తి చూశాను. "పది తలలుండీ, పలకరించ ఒక్క తల లేదాయె." నేను కట్టిన దరువే. తమ్ముడూ కొడుకులూ పోయాక రావణుడు ఒక్కడే నిలబడి పాడేది. రెండోసారి "పలకరించ" దగ్గర తెగింది. దగ్గొచ్చింది. అంతే. గొంతు బాగానే ఉంది.

జూన్ 18

అంతయ్య వచ్చాడు. ఈ ఊరికి నన్ను పిలిపించింది అతనే, రావణుడి వేషమూ అతనిదే. గడప బయట నిలబడి కండువాతో ముక్కు మూసుకొని మాట్లాడాడు.

"గురువా, మిరుగు కార్తె వచ్చి పది దినాలాయె. మబ్బు జాడ లేదు. రామాయణం ఆడితె వాన వడ్తదని పెద్దమనుషులు అంటుండ్రు. వచ్చే శుక్రారం గాక ఆపై శుక్రారం ఆట. ఏడూర్లకు చాటింపు ఏపిచ్చిన."

"నాకింక దమ్ము రాలే అంతయ్యా."

"నువ్వు కుర్సీల కూసుంటె సాలు. నీ మొఖం జూస్తె మాకు పాట దానంతటదే వస్తది."

సరే అన్నాను. డాక్టరు పాడొద్దన్నాడు గాని కూర్చోవద్దనలేదు. గుంపులో కూర్చోవద్దన్నాడు. ఆట ఆరుబయట కదా, గాలి ఆడుతుంది. శుక్రవారానికి ఇంకా చాలా టైముంది.

జూన్ 19

బుచ్చవ్వ దగ్గుతోంది. పచ్చి కట్టెలు. పొయ్యి పొగ.

జూన్ 20

ఆగలేకపోయాను. పొద్దు గూకే వేళ కర్ర పట్టుకొని ఆట నేర్చుకునే కల్లం దాకా నడిచాను. నన్ను చూడగానే చిరుతలు ఆగిపోయాయి. మా ఆటలో రాముడు కొండల్, నిరుడే పెళ్లయినవాడు, ఉరికి వచ్చి కాళ్లకు మొక్కాడు.

"గురువా, నువ్వు లేక మాకు తాళం దప్పుతున్నది."

కూర్చుంటానని వెళ్లినవాణ్ణి నిలబడ్డాను. నిలబడ్డవాణ్ణి ఎత్తుకున్నాను. రెండు చరణాలు పాడాను! మూడోది మొదలుపెట్టగానే దగ్గు తెరలుగా వచ్చింది. ఊపిరి తిరిగేసరికి కళ్లు నీళ్లయ్యాయి. కొండల్ తన తువ్వాల ఇచ్చాడు. మూతి తుడుచుకొని తిరిగి ఇచ్చాను. అదే తువ్వాలతో మొహం అద్దుకొని అతను మళ్లీ గుండ్రంలోకి పోయాడు.

అందరూ ఒకే కుండలో ఒకే చెంబు ముంచి తాగుతున్నారు. ఇన్నేళ్లుగా ప్రతి ఊళ్లోనూ చూసిందే. ఇవాళ ఎందుకో ఆ చెంబు ఏ చేతి నుంచి ఏ చేతికి పోతోందో అదే చూస్తూ కూర్చున్నాను.

అయినా, బతికినట్టనిపించింది.

జూన్ 21

నాకేమీ లేదు. అరుగు ఎక్కుతూ మధ్యలో ఒకసారి ఆగాను, అంతే.

బుచ్చవ్వ పొద్దెక్కినా లేవలేదు. రాత్రి నిద్ర పట్టలేదంది. పొయ్యి పొగే.

జూన్ 22

రజాక్ జగిత్యాల నుంచి వచ్చాడు, మద్దెల లేకుండా. ఎప్పుడూ వచ్చీ రాగానే నా మంచం పట్టె మీద కూర్చునేవాడు, ఇవాళ వాకిట్లో వేపచెట్టు మొదట్లో కూర్చున్నాడు.

"మద్దెల ఏదిరా?"

"ఇంటికాడ ఉన్నది అన్నా. మా జబ్బార్ భాయి ఇంట్ల అందరు పండుకున్నరు. గిదే జరం." నేల మీద పుల్లతో గీస్తూ ఉన్నాడు. "బిడ్డ షకీలా పాయె. చిన్న పిల్ల అన్నా. నేను మద్దెల ముంగట వెట్టుకుంటె చాలు, అచ్చి రెండు చేతులతోని కొట్టేది."

పుల్ల విరిచి పారేశాడు.

"అన్నా, గీ ఆట ఆడాల్నా?"

"ఊరు ఆడాలంటోంది."

"ఊరు సంగతి గాదు. నువ్వు జెప్పు. నువ్వు సచ్చి బతికినవు."

"నీకు భయమైతే రాకు" అన్నాను.

"నాకు భయమే. నీకు లేదా?"

జవాబుకు ఆగకుండా లేచి పోయాడు. కాని మాటలు మాట్లాడి పోయాడని కోపం వచ్చింది. జబ్బు మనిషి దగ్గరికి వచ్చి ఇలా మాట్లాడతారా ఎవరైనా? పొద్దంతా కొట్టం నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి కొట్టంలోకి తిరిగాను. పడుకుంటే లేవాలనిపించింది, లేస్తే కూలబడాలనిపించింది. బుచ్చవ్వ లోపల నుంచి "ఒక్కకాడ నిలవడు కొడుకా" అని అరిచింది. ఆ అరుపు సగంలోనే దగ్గులో కలిసిపోయింది.

జూన్ 23

బుచ్చవ్వకు జ్వరం. మీద చెయ్యి వేస్తే కాలుతోంది. ఊపిరి అందక గస పెడుతోంది.

ఇవాళ ఆమె పొయ్యి వెలిగించలేదు. నిన్నా వెలిగించలేదట, నాకు పెట్టింది మొన్న వండిన జొన్న గట్క అట. పొయ్యి చల్లగా ఉంది. ఆమె దగ్గుతూనే ఉంది.

జూన్ 24

పొద్దున్నే అంతయ్య ఇంటికి పోయాను. బండి అడుగుదామని పోయి, నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఆట ఆపాలి అంతయ్యా."

"ఏంది?"

"ఏడూర్ల జనం ఒక్కకాడ కూసుంటే ఒక్కడి దగ్గు అందరి ఇండ్లకు పోతది. బుచ్చవ్వకు గస పెడ్తున్నది."

"ముసల్ది. ఆమెకు ఎప్పటికి ఏదో ఒక దగ్గు ఉండనే ఉంటది."

"అది ఆమె దగ్గు కాదు, నాది."

పశువులకు గడ్డి వేస్తున్న అంతయ్య చెయ్యి అలాగే ఆగింది.

"ఇత్తనాలు ఇంట్ల మూల్గుతున్నయి గురువా. పొద్దున లేస్తె ఊరంత మొగులు దిక్కు జూసుడు, ఆపై నా దిక్కు జూసుడు. నువ్వొద్దంటె నేను ఆగుతనేమో. ఊరాగుతదా?"

"గురువు గజ్జె కట్టంది ఆట మొదలుకాదు."

"అయితె నీ గజ్జె నీకాడనే ఉంచుకో. రాముని ఆటకు నీ సెలవు గావాల్నా?" గడ్డి మోపు నేలకేసి కొట్టి లోపలికి పోయాడు.

అక్కడి నుంచి ఆటగాళ్ల ఇళ్లకు పోయాను. మూతికి బట్ట కట్టుకొని, గుమ్మాలకు దూరంగా నిలబడి చెప్పాను. కల్లానికి పోవద్దు, ఒకరి చెంబు ఒకరు ముట్టొద్దు, దగ్గున్నవాళ్లు గడప దాటొద్దు. కొందరు తల ఊపారు. కొందరు నవ్వారు, గురువుకు జ్వరం మెదడుకెక్కిందని. కొండల్ ఇంట్లోంచి అతని భార్య బాలలక్ష్మి వచ్చింది.

"పొద్దటి సంది ఒళ్లు నొప్పులని లేస్తలేడు మామా" అంది.

తువ్వాల గుర్తొచ్చింది. అతని మంచం వేరే వేయమని, నీళ్లు బాగా తాగించమని మాత్రం చెప్పాను.

తిరిగి వచ్చేసరికి బుచ్చవ్వ వాకిట్లో అంతయ్య బండి విప్పి ఉంది. ధర్మపురి డాక్టరు అరుగు మీద చేతులు కడుక్కుంటున్నాడు. అడగకుండానే పంపాడు అంతయ్య.

డాక్టరు సూది వేశాడు, బిళ్లలిచ్చాడు. పెద్దగా ఆశ చూపలేదు. "మీకు వచ్చి పోయింది, మీకిప్పట్లో మళ్లీ రాదు. ఈమె దగ్గర మీరే ఉండండి. వేరేవాళ్లను రానివ్వకండి. చంటిపిల్లల తల్లులనూ గర్భిణులనూ అసలే రానివ్వకండి" అన్నాడు.

జూన్ 25

గంజి, వేడినీళ్లు, బట్టలు మరిగించడం, మళ్లీ గంజి. కిటికీ తెరిచే ఉంచుతున్నాను. ఆమె నాకు చేసిన పనులే ఇవన్నీ. ఆమె మూతికి బట్ట లేకుండా చేసింది.

జూన్ 26

దేవవ్వ వచ్చింది. నావ దిగి, ఆ ఎండలో నడిచి, చంకలో పిల్లతో. పాలు తాగే పిల్ల. వాకిట్లో అడుగు పెడుతూనే "అవ్వా" అని కేక వేసింది. నేను గడపలో నిలబడ్డాను.

"జరుగు" అంది.

"బిడ్డా, లోపలికి రావద్దు. డాక్టరు చెప్పిండు. నీకంటితే పిల్లకంటుతది."

"నా తల్లిని నేను జూడొద్దా? అడ్డం నిలవడనీకి నువ్వెవ్వనివి?"

"ఒక నాలుగు రోజులు..."

"నాలుగు రోజులు ఉంటదని రాసిస్తవా? ఊరుగాని ఊరోనివి. మా అవ్వ వండి పెడితె తిన్నవు. గిప్పుడు మా అవ్వ ఇంట్లకు నన్నే రానియ్యవా?"

పక్కకు జరగాలనిపించింది. తల్లి దగ్గరికి పోయే కూతుర్ని ఆపిన పాపం ఏ గోదాట్లో మునిగితే పోతుంది? చేతులు రెండూ తలుపు చెక్కలకు ఆనించి నిలబడ్డాను. ఆమె ఒక్కసారి తోస్తే పడిపోయేవాణ్ణి. చూసింది, ఆమెకూ తెలిసింది. తోయలేదు.

లోపలి నుంచి బుచ్చవ్వ పలికింది. "దేవీ, రాకు బిడ్డా. గాడనే ఉండు. పిల్లను జర ఎత్తి జూపెట్టు."

దేవవ్వ వాకిట్లోకి వెనక్కి జరిగి ఎండలో పిల్లను పైకెత్తింది. నేను బుచ్చవ్వ వీపు కింద చెయ్యి వేసి లేపాను. తలుపులోంచి చూసింది.

"బొద్దుగున్నది" అంది. ఆ ఒక్క మాటకే దమ్ము అయిపోయింది.

దేవవ్వ ఎదురింటి చూరు కింద కూర్చుంది. నన్ను తిట్టింది, ఏడ్చింది, పిల్లకు పాలిచ్చింది, మళ్లీ తిట్టింది. పొద్దు గూకినా పోలేదు. ఎదురింటి ఐలవ్వ ఆమెకు చాప వేసింది.

జూన్ 27

బుచ్చవ్వ గొంతు వాకిలి దాటడం లేదు. ఆమె అన్న మాట గడప దగ్గరికి తెచ్చి నేను అరిచి చెబుతున్నాను. దేవవ్వ అన్నది లోపలికి మోసుకుపోతున్నాను.

"ఎడ్లు మంచిగున్నయా అని అడుగుతున్నది."

"మంచిగున్నయని జెప్పు."

"అత్త తిడుతున్నదా అని."

దేవవ్వ పిల్లను ఇంకో తొడ మీదికి మార్చుకుంది. "తిడ్తలేదని జెప్పు."

నాతో ఇంకే మాటా మాట్లాడలేదు.

జూన్ 28. శుక్రవారం

మధ్యాహ్నం నుంచే బండ్ల చప్పుడు. చాటింపు విన్న ఊళ్ల జనం వస్తున్నారు. నా కాళ్లు నిలవడం లేదు. ఎన్నిసార్లు గడప దాకా పోయి వచ్చానో. ఆట ఆడతారా? నేను లేకుండా ఎత్తుకుంటారా? ఎత్తుకోవద్దని కోరుకున్నాను. ఎవరు ఎక్కడ తప్పుతారో వినాలని చెవులు కూడా రిక్కించాను. రెండూ నేనే.

పొద్దు వాలుతుండగా బండ్లు మళ్లుతున్న చప్పుడు. తర్వాత వీధిలో గజ్జెల మోత, ఒక్క మనిషిది. అంతయ్య. మొహానికి రంగు, నెత్తిన అట్ట కిరీటం. వాకిలి బయట నిలబడ్డాడు.

"పంపిచ్చిన" అన్నాడు. "కొండల్ లేస్తలేడు. రజాక్ రాలే. ఇంక ముగ్గురు పండుకున్నరు. కల్లంల జనాన్ని జూస్తె, ఒక్కొక్కలు దగ్గుతుంటె, నాకు నీ మాటే ఇనవడ్డది. పోండ్రి అని మొక్కిన. ఒక ముసలోడు నా ముంగటే ఉమిసిండు."

మొహం తుడుచుకోబోయి, రంగు గుర్తొచ్చి చెయ్యి దించాడు.

"ముసల్దెట్లున్నది?"

బుచ్చవ్వ వేలితో పిలిచింది. వంగి చెవి పెట్టాను. "ఎవలు, రావణుడా? ఉగాది కెళ్లి మీ సప్పుడే ఇంటున్న. ఒక్కపారి కండ్ల జూడనియ్యి."

చెప్పాను. అంతయ్య కిరీటం సర్దుకొని తలుపుకు ఎదురుగా, దూరంగా వాకిలి నడుమ నిలబడ్డాడు. మద్దెల లేదు. గుండ్రం లేదు. గజ్జె కాలు నేలకు కొట్టి ఎత్తుకున్నాడు. "పది తలలుండీ..." అక్కడ అతను ఎప్పుడూ స్వరం జారుస్తాడు, ఉగాది నుంచీ తిడుతున్నాను. ఇవాళ కూడా జార్చాడు. దిద్దలేదు. చూరు కింద దేవవ్వ పిల్లను జోకొడుతోంది, ఆ చెయ్యి సరిగ్గా దరువుకు పడుతోంది.

పాట అయ్యాక రాముడు జవాబివ్వాలి. అంతయ్య నా వైపు చూశాడు. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. పెదవులతోనే చెప్పాను రాముడి మాట. వినిపించి ఉండదు. విన్నట్టే తల వంచాడు.

"మీసం వంకర" అంది బుచ్చవ్వ.

జూన్ 29

సన్నగా వాన. ఆట ఆడకుండానే పడింది. ఊరంతా నాగళ్లు సర్దుకుంటోంది. నన్ను చూసి కొందరు పలకరించారు, కొందరు మొహం తిప్పుకున్నారు. కొండల్ లేచి గంజి తాగాడని బాలలక్ష్మి కబురు పంపింది. ఆ కబురు రెండుసార్లు చెప్పించుకున్నాను.

బుచ్చవ్వ మాట్లాడడం లేదు.

జూన్ 30

తెల్లవారుజామున బుచ్చవ్వ పోయింది. నీళ్లు తేవడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి.

జులై 1

నిన్న ఇంతకు మించి రాయలేకపోయాను.

బయటికి వెళ్లి దేవవ్వకు చెప్పాలి. ఎలా చెప్పాలో అనుకుంటూ గడప దగ్గర నిలబడ్డాను. ఆమె నన్ను చూడగానే లేచి నిలబడింది. చెప్పాల్సిన పని పడలేదు. గట్టిగా ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పిల్లను చంకనేసుకొని వాకిలి దాటి వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు దూరంగానే ఆగారు.

"కడుగుడు, బట్ట కట్టుడు నేనే చెయ్యాలె. ఇంకెవ్వలున్నరు?" అంది.

అవునన్నాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. మూతికి బట్ట, ముట్టాక సబ్బూ వేడినీళ్లూ, కట్టిన చీర మరిగించాలి, స్నానం చేశాకే పిల్లను ఎత్తుకోవాలి. చెబుతుంటే నా గొంతు నాకే రోతగా ఉంది. ఆమె చివరి దాకా విన్నది. కొంగు చింపి మూతికి కట్టుకుంది. గడప మీద కాలు పెట్టబోయి ఆగింది.

"నీకెళ్లే మా అవ్వకు అంటిందని ఊరంత అంటుండ్రు."

"అవును."

చాలా సేపు చూసింది. తిట్టే చూపు కాదు. నేను తిట్టు కోసమే నిలబడ్డాను.

"దీన్ని లోపటికి కొంచవోవద్దంటివి గదా" అంది. "పట్టుకో."

పిల్లను నా చేతుల్లో పెట్టి లోపలికి పోయింది.

నాకు దగ్గు పోయి రోజులైంది. నా నుంచి ఇక భయం లేదని బుచ్చవ్వకు సూది వేసిన రోజే డాక్టరు చెప్పాడు. అయినా మొహం పక్కకు తిప్పుకొని, చేతులు చాచినంత దూరంలో పిల్లను పట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బొద్దు పిల్ల, బరువు. భుజాలు లాగుతున్నాయి. లోపల దేవవ్వ అప్పుడు ఏడ్చింది, గోడలదిరేలా. ఆ ఏడుపు విని పిల్ల కూడా మొహం ముడిచి, నోరు తెరిచి, కాళ్లు కొట్టుకోసాగింది. ఇక దూరంగా పట్టుకోలేకపోయాను. భుజం మీద వేసుకొని, మొహం గోడ వైపు తిప్పి, ఊపిరి వదిలాను.